పొరలు లేని లక్ష్మి

అసూయ అనే మాట పుస్తకాల్లో చూడటానికి బాగుంటుంది. మా ఇంట్లో దాన్ని కుళ్ళు అనేవాళ్ళు. నాకు కుళ్ళు ఎక్కువ. చిన్నప్పుడు పక్కింటి పిల్ల జడకుచ్చులు చూసి జ్వరం తెచ్చుకున్న మనిషిని. పెద్దయ్యాక జడకుచ్చుల మీద మోజు పోయింది, జ్వరం మాత్రం మిగిలింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఒకరి పని చూసి కడుపు మండిందంటే ఆ పని మనకీ ఎంతో కొంత తెలుసునని అర్థం. కిరాణా కొట్టు నడిపే మనిషికి వీణ వాయించేవాళ్ళ మీద కుళ్ళు పుట్టదు.

నేను అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకి దగ్గర సందులో, మేడ మీద ఉన్న ఒక డిజైనింగ్ షాపులో పని చేస్తాను. పెళ్ళిపత్రికలు, విజిటింగ్ కార్డులు, దుకాణాల బోర్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, క్యాలెండర్లు. బారసాల నుంచి దశదినకర్మ దాకా మనిషి మా కంప్యూటర్ల మీదుగా పోవాల్సిందే. షాపులో ముగ్గురం. ఓనరు, నేను, కిందటేడు చేరిన ఇంకొకామె. ఆమెను నేను మనసులో కొత్తామె అనుకుంటాను. ఏడాది దాటిపోయినా నాకు ఆమె కొత్తామే.

మా పని తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. కంప్యూటర్‌లో బొమ్మ గీసేవాళ్ళు ఒకే కాయితం మీద గీయరు. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి గీసినట్టు గీస్తారు. అడుగున పెన్సిల్ గీతలు, దాని మీద ఒంటి రంగు, ఆ పైన చీర, చీర మీద నగలు, అన్నిటికీ పైన అక్షరాలు. వీటిని లేయర్లంటారు. పని జరుగుతున్నంతసేపూ ఏ పొరకాపొరని కదపవచ్చు, చెరపవచ్చు, దాచవచ్చు. సేవ్ చేసేటప్పుడే ఉంటుంది అసలు సంగతి. జేపెగ్‌గా సేవ్ చేస్తే పొరలన్నీ అతుక్కుపోయి ఒకే బొమ్మ అవుతుంది, మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. పీఎన్‌జీ కూడా అంతే, బొమ్మ వెనక ఖాళీని ఖాళీగా ఉంచుతుంది తప్ప పొరల్ని మిగల్చదు. పీఎస్‌డీ అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు దాచుకుంటుంది, అందుకే దాని బరువు ఎక్కువ. టిఫ్ మాత్రం మొహమాటం మనిషి. ఉంచమంటే ఉంచుతుంది, పారెయ్యమంటే పారేస్తుంది.

నేను అతికించే జాతి. మా షాపు పద్ధతే అది. దానికో కారణం ఉంది.

నేను చేరిన కొత్తలో, పోయిన సీజన్ పెళ్ళిపత్రిక ఫైలు తెరిచి, పాత పేర్లున్న లేయర్ని దాచేసి, దాని మీద కొత్త పేర్లు రాసేవాళ్ళం. ప్రతి లేయర్ పక్కన ఒక కన్ను బొమ్మ ఉంటుంది. నొక్కితే లేయర్ మాయం, మళ్ళీ నొక్కితే ప్రత్యక్షం. ఒకసారి ప్రెస్సులో పనిచేసే మనిషి ఏదో అక్షరం కనబడటం లేదనుకుని కళ్ళన్నీ తెరిచాడు. పెళ్ళికూతురి పేరు కింద ఆమె చేసుకోబోయే వరుడి పేరు, ఆ పక్కనే కిందటి సీజన్‌లో వేరే పిల్లని చేసుకుని హాయిగా కాపురం చేస్తున్న వరుడి పేరు అచ్చయిపోయాయి. ఎవరూ చూడలేదు. కట్టలు కట్టి పంపేశారు. మర్నాడు పిల్ల పెదనాన్న గౌలిగూడ నుంచి పత్రికల డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“మా పిల్లకు ఇద్దరు మొగుళ్ళను జేస్తరా మీరు? ఏంది తమాషా?”

ఆయన అరుపులకి కింద చెప్పుల షాపువాళ్ళు కూడా పైకి వచ్చారు. ఆ రోజు నుంచి మా ఓనరు ఒక శాసనం పెట్టాడు. ఫైలు గడప దాటాలంటే పొరలన్నీ అతికించి ఫ్లాట్ చెయ్యాల్సిందే. పని ముగిశాక లేయర్లున్న ఫైలు తీసి పారెయ్యాల్సిందే. పాత పేర్లు మిగలకూడదు, పక్క షాపువాళ్ళు మన డిజైన్ విడదీసి కాపీ కొట్టకూడదు, కంప్యూటర్‌లో చోటు తినకూడదు. నాకు ఆ శాసనం ఒంటికి పట్టేసింది. చీర రంగు వెయ్యడం అయిపోగానే ఒంటికీ చీరకీ కలిపి అతికించేస్తాను. నగలు అయిపోగానే వాటినీ అతికించేస్తాను. అయిపోయిన పని మళ్ళీ కెలకడం నాకు నచ్చదు.

కొత్తామె అలా కాదు. మెదక్ వైపు మనిషి. సికింద్రాబాద్‌లో అక్కగారింట్లో ఉంటుంది, ఆదివారం చర్చికి పోతుంది, మిగిలిన రోజులు మా ప్రాణం తీస్తుంది. ఓనరు చూసీ చూడనట్టు వదిలేస్తే ప్రతి చిన్న విజిటింగ్ కార్డుకీ పీఎస్‌డీ దాచేది. లేయర్లకి పేర్లు పెట్టేది. వాటిని గుంపులుగా సర్దేది. ఆమె ఫైలు తెరిస్తే మా ముసలి కంప్యూటర్ మూలిగేది.

“గింత బరువెందుకమ్మా? ఇది కంప్యూటరా, గోదామా?” అన్నానొకసారి.

“రేపు ఏమన్న మార్చాల్నంటే అక్కరకొస్తది గదక్కా,” అంది నవ్వుతూ.

నిజంగానే అక్కరకొచ్చింది. ముహూర్తం మారిందని, మేనమామ పేరు మర్చిపోయామని జనం పరిగెత్తుకుంటూ వస్తే ఆమె కుర్చీలోంచి లేవకుండా మార్చి ఇచ్చేది. నేను మొదటి నుంచి మళ్ళీ చేసుకునేదాన్ని. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ సామెత కట్టినవాడు ఏదో షాపులో పాత ఆపరేటరే అయ్యుంటాడు.

క్రమంగా మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఎదురుగా నేను కూర్చుని ఉండగానే “ఆ మేడమ్ రాలేదా?” అని అడగడం మొదలుపెట్టారు. నేను ఖాళీగా ఉన్నానని చెప్పినా ఫర్వాలేదమ్మా అని స్టూలు మీద కూర్చుని పాత పేపరు చదువుకునేవాళ్ళు. ఓనరు కొత్త మానిటర్ కొని ఆమె బల్ల మీద పెట్టించాడు. ఆమె మధ్యాహ్నం డబ్బాలో తెచ్చే చింతకాయ తొక్కు కూడా బాగుండేది. నాకు పెట్టకుండా తినేది కాదు. అదింకో బాధ. మనిషి కాస్త పొగరుబోతు అయితే నాకు సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి చిన్న సందు కూడా ఇవ్వకుండా బతికే మనుషులంటే నాకు ఒళ్ళు మంట.

ఇవన్నీ నేను ఓర్చుకున్నాను. ఎందుకంటే నాకంటూ ఒకటి ఉండేది. క్యాలెండర్.

బేగంబజార్‌లో మిరపకాయలు, పసుపు, మసాలా దినుసులు టోకున అమ్మే సేటు ఒకాయన ఉన్నాడు. ప్రతి ఏడూ తన ఖాతాదార్లందరికీ లక్ష్మీదేవి క్యాలెండర్ పంచుతాడు. ఆ లక్ష్మిని ఏళ్ళ తరబడి నేనే గీస్తున్నాను. పత్రికల పని అంతా ఎవడో గీసిన పువ్వుల్ని తెచ్చి అతికించడమే. అది మాత్రం ఉత్త తెర మీద మొదటి గీత నుంచి నా చేత్తో నేను గీసుకునే బొమ్మ. ఏడాదికి ఒక్కసారి నేను ఆపరేటర్ని కాకుండా ఆర్టిస్టుని అయ్యేదాన్ని. నాంపల్లిలో మా ఇంటి నుంచి షాపుకి నడిచి వచ్చే దారిలో ఎన్ని దుకాణాల గోడల మీద నా లక్ష్మి ఉంటుందో నాకు తెలుసు. ఒక టీ కొట్టులో ఆవిరి తగిలి ఆమె ముఖం ఉబ్బింది, ఒక వాచీల దుకాణంలో ఆమె కిరీటం మీద స్విచ్‌బోర్డు పెట్టారు. అయినా చూసుకుంటూ నడిచేదాన్ని.

ఈసారి దసరా వెళ్ళాక సేటు వచ్చాడు. ఎప్పట్లా నా బల్ల దగ్గరికే వచ్చాడు. టీ తెప్పించారు. అంతలో మా ఓనరు, ఊరికే ఉండలేక, కొత్తామె గీసిన బొమ్మలు రెండు ఆ పెద్ద మానిటర్ మీద చూపించాడు. సేటు టీ గ్లాసు చల్లారేదాకా చూశాడు.

“ఇద్దరు గీయున్రి,” అన్నాడు. “నాకు ఏది మనసుకొస్తే అది ఏసుకుంట.”

నా చెవులు వేడెక్కాయి. సేటు మెట్లు దిగుతుంటే వెనకే పోయాను. “సేటూ, ఆమె చర్చికి పోయే మనిషి. లక్ష్మీదేవిని ఆమె ఎట్ల గీస్తది?” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. “నువ్వు క్రిస్మస్ కార్డులు గీస్తలేవా బేటీ?”

గీస్తాను. ప్రతి ఏడూ గీస్తాను. మెట్లెక్కి పైకి వచ్చాను.

నేను షాపులోనే, మధ్యాహ్నం పూట డబ్బా పక్కన పెట్టుకుని గీశాను. కొత్తామె ఇంట్లో తన ట్యాబ్ మీద గీసింది. నాది బాగా వచ్చింది. అబద్ధమెందుకు, ఇన్నేళ్ళలో అదే బాగా వచ్చిందనుకున్నాను. అంచెలంచెలుగా అతికించుకుంటూ పోయి, చివరికి టిఫ్‌గా సేవ్ చేసి, సేటు ఫోనుకి జేపెగ్ పంపేశాను.

రెండు రోజుల తర్వాత ఆమె తన బొమ్మ తెరిచింది. నేను టీ తాగుతున్నాను. తాగుతున్నట్టే ఉండిపోయాను.

ఆ చెయ్యి. నేను ఇన్నేళ్ళుగా గీసిన లక్ష్మి చెయ్యి నిటారుగా ఉంటుంది, వేళ్ళు కిందికి చూపిస్తాయి, నాణేలు రాలుతాయి. ఆమె గీసిన లక్ష్మి చెయ్యి కొంచెం ముందుకి వంగి ఉంది. మణికట్టు దగ్గర చిన్న వంపు, పంక్తిలో వడ్డిస్తున్న మనిషి “ఇంకొంచెం వేసుకో” అంటూ వంగినట్టు. గాజులు ఆ వంపులోకి జారి ఉన్నాయి. నాణేల సంగతి నాకు గుర్తే లేదు. నేను చేతినే చూస్తూ కూర్చున్నాను. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం నాకు పూర్తిగా తెలిసింది.

సాయంత్రానికి నాకొక ఆలోచన వచ్చింది. వచ్చింది అనడం కంటే దాన్ని చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను అనాలి. ఇది ఆమె గీసింది కాదు. మిషన్ గీసింది. ఇప్పుడు ఏఐ అని వచ్చింది కదా. రెండు మాటలు టైపు చేస్తే దేవతలు దిగి వస్తున్నారు, ఒక్కోసారి ఆరు వేళ్ళతో. మనిషి ఇంత పని ఇంత త్వరగా చెయ్యలేడు. పైగా ఇంట్లో గీశానంటుంది, చూసినవాళ్ళు ఎవరు? ఆలోచించినకొద్దీ నాకు నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరినకొద్దీ ఆకలి వేసింది. ఆ రోజు ఇంటికి పోయి అమ్మ వండిన పప్పు రెండుసార్లు వడ్డించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే షాపుకి పోకుండా నేరుగా బేగంబజార్ పోయాను. సేటు బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఏఐ బొమ్మలంటే ఆయనకి అసలే భయం. కిందటేడు వాళ్ళ బజారులోనే ఎవరో అలాంటి గణపతి క్యాలెండర్ పంచితే దేవుడికి రెండు తొండాలున్నాయని అందరూ నవ్వారు. నేను ఆ నిప్పు మీద కాస్త నూనె పోశాను.

“ఆమె బొమ్మ మంచిగున్నది సేటూ, కాదనను. కానీ చేత్తో గీసిందో, మిషన్ గీసిందో చూస్కోవాలె గదా? లేయర్లున్న ఫైలు అడగండి. చేత్తో గీస్తే పొరలు పొరలు ఉంటయి. మిషన్ ఇచ్చింది అతుక్కపోయి ఒకటే బొమ్మ ఉంటది.”

సేటుకి ఆ మాట వెంటనే ఎక్కింది. పక్కనున్న మిరపకాయ బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి చూపించాడు.

“బస్తా మూతి జూసి సరుకు కొనేటోణ్ణి గాదు బేటీ నేను. అడుగు జూస్త. రేపు మాపటాల్లకు వస్త, జూపియ్యున్రి.”

నేను నాంపల్లి స్టేషన్ రోడ్డు మీదుగా నడుస్తూ పాట పాడుకున్నానో లేదో గుర్తు లేదు. పాడుకునే ఉంటాను. నా ఫైలు సంగతి నాకు తట్టనే లేదు. నన్నెవరు అడుగుతారు? ఏటేటా గీసేదాన్ని నేను. దొంగ మీద నిఘా పెట్టమన్నవాడి ఇల్లు ఎవరైనా సోదా చేస్తారా?

సేటు అన్న మాట ప్రకారం వచ్చాడు. విషయం వినగానే కొత్తామె ముఖంలో ఏ మార్పూ లేదు. “జూపిస్త సేటూ, దాంట్ల ఏమున్నది?” అని బ్యాగులోంచి పెన్ డ్రైవ్ తీసింది. అంత తేలిగ్గా తీస్తుందని నేను అనుకోలేదు. అయినా కుర్చీ లాక్కుని నేనే మౌస్ పట్టుకున్నాను. “అక్కా, నువ్వే తెరువు,” అంది ఆమె కూడా.

పీఎస్‌డీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక కుడిపక్కన లేయర్ల పట్టిక కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది. నేను కళ్ళన్నీ మూశాను. తెర తెల్లగా అయింది. అడుగు నుంచి ఒక్కొక్క కన్నూ తెరుచుకుంటూ వచ్చాను.

మొదట ఒక గుండ్రటి గీత, తల కోసం. తర్వాత పుల్లల్లాంటి గీతలు, ఒళ్ళు ఎటు వంగాలో చూసుకోవడానికి. తర్వాత చేతులు. ఇక అక్కడి నుంచి చేతులే. ఒకటి మరీ పొడుగైంది, దాన్ని దాచింది. ఇంకోటి కర్రలా ఉంది, అచ్చం నాదానిలా, దాన్నీ దాచింది. ప్రతి దానికీ పేరు పెట్టింది. చెయ్యి. చెయ్యి మల్ల. చెయ్యి ఇంకోపారి. ఛీ. జర నయం. మల్ల ఛీ. సేటు పడి పడి నవ్వాడు, ఓనరూ నవ్వాడు. నేను ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. ఒక్కో పొరలో ఆ మణికట్టు కొంచెం కొంచెంగా వంగుతూ వచ్చింది. ఎక్కడో ఒకచోట గాజులు జారాయి. ఆ పొర దగ్గర ఆమె పేరు పెట్టడం కూడా మర్చిపోయింది.

అందులో నాకు తెలియని విద్య ఒక్కటీ లేదు. గీసింది, నచ్చలేదు, మళ్ళీ గీసింది. అంతే. నేను మొదటిసారి వచ్చిన చేతినే చేయి అనుకుని చీరకి అతికించి ముందుకు పోయేదాన్ని. ఆమె పోలేదు. మిషన్ గీసి ఉంటే నేను బతికిపోయేదాన్ని. మిషన్ మీద ఎవరికి కుళ్ళు? కానీ ఇదంతా ఒక మనిషి, నా పక్క కుర్చీ మనిషి, నాకు తొక్కు పెట్టే మనిషి, తన ఇంట్లో కూర్చుని చేసింది. ఆమె ఛీ అని పారేసిన చేతుల్లో రెండు మూడు నా మంచి చేతులకంటే బాగున్నాయి. నేను మౌస్ వదిలేశాను.

“కరెక్ట్ ఉన్నది,” అన్నాడు సేటు కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “ఇగ నీది తెరువు బేటీ.”

“నాదెందుకు సేటూ?”

“ఎందుకంటవేంది? ఒకరి బస్తా జూసి ఇంకొకరిది ఇడిసిపెడ్తనా?”

నేను నా బల్ల దగ్గరికి పోయాను. నడుస్తున్నప్పుడే నాకు అర్థమైంది. కాని ఆశ చావదు. టిఫ్‌లో పొరలు ఉంచవచ్చు కదా, ఈ ఒక్కసారి మర్చిపోయి ఉంచేశానేమో అనుకున్నాను. తెరిచాను. బొమ్మ వచ్చింది. కుడిపక్కన ఒకే ఒక్క లేయర్, దాని పక్కన ఇక కదపలేవని చెప్పే చిన్న తాళం బొమ్మ. లేయర్లున్న ఫైలు కోసం వెతికాను. మా శాసనం ప్రకారం దాన్ని నేనే పారేశాను. చెత్తబుట్ట కూడా నేనే ఖాళీ చేశాను. ఆ విషయంలో నా అంత బుద్ధిమంతురాలు అబిడ్స్ మొత్తంలో లేదు.

“ఒకటే ఉన్నదేంది?” అన్నాడు సేటు.

“మా షాపు పద్ధతి సేటూ. అన్నీ అతికించేస్తం. ఓనర్ని అడగండి.”

“ఔ సేటూ, నేనే చెప్పిన,” అన్నాడు ఓనరు. ఆ కొత్త మానిటర్ వైపు చూస్తూ అన్నాడు. “కానీ ఈ ఏఐ వచ్చినంక జర సోంచాయించాల్సిందే.”

నాకు కోపం నెత్తికెక్కింది. “ఇన్నేండ్ల సంది గీస్తున్న నేను. నన్ను నమ్మవా సేటూ? మిషన్ పుట్టకముందు సంది గీస్తున్న!” అని గట్టిగా అన్నాను.

అప్పుడు కొత్తామె లేచింది. “సేటూ, అక్కనే గీసింది. నేను పక్కనే కూసోని జూసిన. అన్నం గూడ తినకుండ గీసింది.”

సాక్ష్యం చెప్పింది. నేను ఆమె మీద పితూరీ మోసిన మనిషిని, ఆమె నా పక్షాన సాక్ష్యం చెప్పింది. పోనీ సేటు ఆ సాక్ష్యం నమ్మి ఉంటే? అది ఇంకా భరించలేకపోయేదాన్ని. నా లక్ష్మి నాదేనని ఆమె చెబితే గోడలకెక్కడమా? మింగలేను, కక్కలేను.

సేటు లేచి కండువా సర్దుకున్నాడు. “షరతు నువ్వే పెట్టినవ్ గద బేటీ. పొరలు లేకుంటే నమ్మద్దని నువ్వే జెప్పినవ్. నేను నీ మాట మీదనే నిలబడ్డ.” కోపంగా అనలేదు. తూకం చూసి కాటా దించినట్టు అన్నాడు. కొత్తామె నా వైపు చూసింది. మాట నాదేనని ఆమెకి అప్పుడే తెలిసింది. తన పెన్ డ్రైవ్ తీసుకుని మూత పెట్టుకుంది.

తాను తీసిన గోతిలో తానే పడటమంటే అందరికీ సామెత. పడినవాళ్ళకి మాత్రం దాని లోతు తెలుస్తుంది.

ప్రెస్సుకి ఫైలు తయారు చేసే పని మా షాపులో నాది. సీనియర్ని కదా. రంగులు సరిచూడాలి, అంచులు వదలాలి, అన్నీ అతికించి టిఫ్‌గా ఇవ్వాలి. కొత్తామె పెన్ డ్రైవ్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మునుపటిలాగే మాట్లాడింది.

“జర పైలంగ అక్కా. ట్యాబ్‌ల జాగ లేక తీసేసిన. గీడనే ఉన్నది.”

ఆమె వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. నేను ఫైలు తెరిచాను. పొరలన్నీ అతికించాను. ఇక సేవ్ నొక్కడమే. వేరే పేరు పెట్టకుండా అదే పేరు మీద నొక్కితే చాలు, ఆ చేతులన్నీ, ఆ ఛీలన్నీ పోతాయి. ఆమె కూడా నాలాగే ఒక తాళం బొమ్మతో మిగులుతుంది. అడిగితే పొరపాటున నొక్కానంటే సరి. మా పనిలో రోజుకొకరు చేసే పొరపాటు అది.

నొక్కలేదు. మంచితనం వల్ల కాదు, అలా అనుకుంటే నాకు నేనే నవ్వుకోవాలి. ఆ పొరల్ని మళ్ళీ చూడాలని ఉంది నాకు. అవి పోతే ఆ మణికట్టు ఎక్కడ వంగడం మొదలుపెట్టిందో ఇక ఎవరూ చూపించలేరు. కొత్త పేరుతో టిఫ్ చేసి ప్రెస్సుకి పంపి, పీఎస్‌డీని ముట్టుకోకుండా ఆమెకిచ్చేశాను. ఇచ్చేముందు నా కంప్యూటర్‌లో ఒక కాపీ పెట్టుకున్నాను. మధ్యాహ్నం పూట ఆమె చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు తెరుస్తాను. కళ్ళు మూస్తాను, ఒక్కొక్కటే తెరుస్తాను. ఉత్త తెర మీద నేనూ ఒక చెయ్యి గీసి చూస్తాను. ఇప్పుడు అతికించడం లేదు. నా చేతులన్నీ ఛీ దగ్గరే ఆగుతున్నాయి.

డిసెంబరు ఆఖరులో సేటు క్యాలెండర్ల కట్ట పంపాడు. ఓనరు గోడకొకటి కొట్టించాడు. నేను తీసుకోకుండానే బయలుదేరుతుంటే కొత్తామె ఒకటి చుట్టి రబ్బరు బ్యాండు వేసి నా చేతికిచ్చింది. “అమ్మకియ్యక్కా,” అంది. దారిలో ఏదైనా డబ్బాలో పడేద్దామనుకున్నాను. టీ కొట్టువాడు అప్పుడే తగిలించేశాడు, ఆవిరి పక్కనే. నా కిందటేటి లక్ష్మిని మడిచి పొయ్యి కింద వేసుకున్నాడు.

ఇంటికి వచ్చి దాన్ని మంచం మీద పడేశాను. కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అమ్మ రబ్బరు బ్యాండు తీసి రెండు చేతులా పట్టుకుని, ట్యూబ్‌లైటు కిందికి జరిగి చూస్తోంది. అమ్మ నా బొమ్మల గురించి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు. మంచిగున్నది అని గోడకి తగిలించమంటుంది. ఆ సాయంత్రం కుక్కరు కూత వేస్తున్నా కదల్లేదు.

“ఇన్నేండ్లు గీసినవ్ గానీ బిడ్డా, గీసారి అమ్మవారు నిజంగ ఇస్తున్నట్టున్నది,” అంది. “చెయ్యి జూడు, ఎట్లున్నదో. గిదే అన్నిట్లకంటె మంచిగొచ్చింది.”

ఊరుకుంటే ఊరుకోవచ్చు. అమ్మకి ఎవరూ చెప్పరు.

“అది నేను గీసింది కాదమ్మా.”

“మరి?”

“మా షాపుల ఇంకొకామె. నాకంటె మంచిగ గీస్తది.”

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అంటే చచ్చిపోతాననుకున్నాను. కుక్కరు ఇంకో కూత వేసింది.

“మరి నీదేదీ?” అంది అమ్మ.

ఫోను తీసి నా జేపెగ్ చూపించాను. అమ్మ ఫోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత ఆ క్యాలెండర్ వైపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

“నీది గూడ మంచిగనే ఉన్నది బిడ్డా,” అని ఫోను నా చేతిలో పెట్టింది. క్యాలెండర్ కూడా పెట్టింది. “నాకు అందది. నువ్వే తగిలియ్యి.”

వంటింట్లో పీటల ఎదురుగా ఉండే మేకు నుంచి పాతది తీసి, స్టూలెక్కి కొత్తది తగిలించాను. వచ్చే డిసెంబరు దాకా నేను అన్నం తినేది దాని కిందే.